క్రాఫ్ట్ బీర్ మానకుండా బరువు అదుపులో పెట్టుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. నాకు క్రాఫ్ట్ బీర్ (చిన్న బ్రూవరీలు తయారుచేసే బీర్) అంటే చాలా ఇష్టం, ముఖ్యంగా స్టౌట్ అనే నల్లటి బీర్. గ్లాసులో పోయగానే పైకి లేచే గోధుమరంగు నురగ, వేయించిన కాఫీ గింజల్లాంటి ఆ వాసన, వీటిని వదులుకోవాలని లేదు. కానీ ప్యాంట్లు నడుము దగ్గర బిగుతవుతున్నాయి.

లెక్క తెలుసు. గ్రాము ఆల్కహాల్‌కి 7 కేలరీలు. అంటే ఆల్కహాల్ 10 శాతం ఉన్న 330 మి.లీ. స్టౌట్‌లో ఆల్కహాల్ నుంచే దాదాపు 180 కేలరీలు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి మిగిలే పిండిపదార్థాలవి అదనం. అదే 4 శాతం బీర్‌లో ఆల్కహాల్ కేలరీలు 75 లోపే. పైగా లివర్ ముందు ఆల్కహాల్ సంగతి చూస్తుంది కాబట్టి ఆ కాసేపు కొవ్వు కరగడం తగ్గుతుంది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది బీర్ కన్నా తాగాక వేసే ఆకలి. చేతికి ఏది దొరికితే అది తినాలనిపిస్తుంది. ముందే కడుపునిండా తిని కూర్చుంటే అది తగ్గుతుందా? బరువులెత్తిన రోజు సాయంత్రం తాగితే కండరాలు సరిగ్గా కోలుకోవంటారు, మీ అనుభవం ఏంటి? వారానికి ఒక స్ట్రాంగ్ బీర్ మేలా, తేలికవి రెండు మేలా? పూర్తిగా మానేయమని కాకుండా, మితంగా తాగుతూనే బరువు నిలబెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.