సింగిల్ ప్లేయర్ (ఒక్కరే ఆడే) వీడియో ఆటల్లో డిఫికల్టీని (కష్టస్థాయిని) ఎవరు నిర్ణయించాలి: తయారుచేసినవారా, ఆడేవారా?

నిదానం:

కొత్త ఆట మొదలుపెట్టగానే ఈజీ, నార్మల్, హార్డ్ అంటూ ఎదురయ్యే తెర గురించి చర్చించాలని ఈ ప్రశ్న పెడుతున్నాను. కత్తి ఒక్కసారైనా దూయకముందే, శత్రువు ఎంత గట్టిగా కొడతాడో, మన ప్రాణశక్తిని చూపే హెల్త్ బార్ ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటుందో తెలియకముందే, గంటల తరబడి సాగబోయే ఆటకు ఎంత కష్టం కావాలో తేల్చమని మనల్ని అడుగుతారు. ఆటను నెలల తరబడి పరీక్షించి చూసినవారు తేల్చవలసిన విషయాన్ని, ఆట గురించి ఏమీ తెలియని మన మీదికి నెట్టేస్తున్నారన్నది నా అభియోగం. అందుకే ఒకే డిఫికల్టీతో వచ్చే ఆటలే నిజాయితీ గలవని భావిస్తాను.

2019లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన సెకిరో అనే కత్తియుద్ధపు ఆటనే చూడండి. అందులో ఎంపిక లేదు. శత్రువు దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా మన కత్తి అడ్డుపెడితే అతడి పోశ్చర్ బార్, అంటే నిలకడ ఎంత దెబ్బతిందో చూపే గీత, నిండుతూ పోతుంది. వెనక్కి తగ్గి కాస్త ఊపిరి పీల్చుకుందామనుకుంటే అది మళ్ళీ ఖాళీ అవుతుంది. అషినా కోట పైన గెనిచిరో అనే ప్రధాన శత్రువుతో తలపడినప్పుడు ఈ సూత్రం వంటబట్టకపోతే ముందుకు పోలేము. అతడు చివర్లో విసిరే మెరుపును కూడా గాలిలో ఉండగానే అందుకుని, కాలు నేలకు తాకకముందే తిప్పికొట్టాలి. దెబ్బల తీవ్రతను సగానికి తగ్గించే ఈజీ మోడ్ ఇందులో ఉండి ఉంటే, ఆటగాడు దెబ్బలు తింటూనే నరుక్కుంటూ పోయి, ఆట నేర్పదలచిన విద్యను నేర్చుకోకుండానే చివరికి చేరేవాడు. అతడు ఆడినది సెకిరో అని నేను అనలేను.

కుడిచెయ్యి:

నిదానం గారూ, సెకిరో గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటూనే, దాని నుంచి మీరు తేల్చినదాన్ని ఒప్పుకోలేకపోతున్నాను. సరిగ్గా ఆ క్షణానికి అడ్డుపెట్టాలని మీరు అంటున్న క్షణం అందరికీ ఒకే నిడివిది కాదు. వేళ్ళు వేగంగా కదలనివారికి, చూపు మందగించినవారికి, శబ్దం వినిపించనివారికి అదే క్షణం ఎప్పటికీ అందనిది. మీరు గెనిచిరో దగ్గర పొందిన శ్రమనూ ఆనందాన్నీ అవతలివారూ పొందాలంటే వారికి ఆ క్షణం కాస్త వెడల్పుగా ఉండాలి. అంకె మారినా శ్రమ మారదు.

2018లో వచ్చిన కొండ ఎక్కే ఆట సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ అనే సహాయ ఏర్పాటు ఉంది. ఆట వేగాన్ని నూరు శాతం నుంచి యాభై శాతం వరకు తగ్గించుకోవచ్చు, గోడ పట్టుకుని వేలాడే ఓపికను అపరిమితం చేసుకోవచ్చు, కావాలంటే చావే లేకుండా చేసుకోవచ్చు. ముళ్ళు, గోడలు, వాటి అమరిక మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఏ గోడ నుంచి ఏ దిక్కుకు దూకాలో ఆలోచించుకోవలసినది ఆడేవారే. ఇక 2020 నాటి ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 డిఫికల్టీని ఐదు ముక్కలు చేసింది: ఆటగాడు, శత్రువులు, సహచరులు, నక్కి తిరగడం, దొరికే సరంజామా. శత్రువులు నన్ను ఆలస్యంగా కనిపెట్టాలి గానీ తూటాలు మాత్రం చాలీచాలకుండానే దొరకాలి అని నేను కోరుకోవచ్చు, అది నా భయానికి తగిన కొలత. ఇటువంటి ఎంపిక ఉన్నందువల్ల పక్కవారి ఆటకు వచ్చే నష్టం ఏమిటో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరు పోటీపడే ఆట కాదు కదా ఇది.

గురిపెట్టు:

నష్టం ఉంది. ఈజీలో ముగించినవారు కూడా ఆట పూర్తిచేశామనే చెప్పుకుంటారు, పైగా ఆటలో పస లేదని విమర్శలు రాస్తారు. ఆడలేక మద్దెల ఓడు అన్న చందం. నా మటుకు నేను ఏ ఆటనైనా అన్నిటికన్నా పై స్థాయిలోనే మొదలుపెడతాను. మిగతావి ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు.

పాతకార్ట్రిడ్జ్:

గురిపెట్టు గారూ, పై స్థాయి అంటే ఏమిటో ఒకసారి విప్పి చూడండి. స్కైరిమ్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన లెజెండరీ ఎంచుకుంటే మనకు తగిలే దెబ్బ మూడింతలు అవుతుంది, మనం కొట్టే దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుంది. అంతే. బందిపోటు తెలివిమీరడు, కొత్త ఎత్తు వేయడు, పక్కవాడితో కలిసి చుట్టుముట్టడు. ఒక్క వేటుతో పడవలసినవాడు నాలుగు వేట్లకు పడతాడు. దీన్ని కష్టం అనడం నా వల్ల కాదు, కాలయాపన అంటాను.

దీనికి పక్కన 1997 నాటి గూఢచారి ఆట గోల్డెన్‌ఐ 007ను పెట్టి చూడండి. మొదటి ఘట్టం ఆనకట్ట మీద జరుగుతుంది. ఏజెంట్ స్థాయిలో ఆడితే కాపలావారిని దాటుకుంటూ చివరికి చేరి కిందికి దూకితే చాలు. సీక్రెట్ ఏజెంట్ స్థాయిలో దారిలోని అలారాలన్నీ ధ్వంసం చేయాలి. 00 ఏజెంట్ స్థాయిలో అవి కాక మోడెమ్ అమర్చాలి, డేటా సేకరించాలి, ఆ తరువాతే దూకాలి. కింది స్థాయిలో పరుగెత్తి దాటిపోయిన గదుల్లోకి పై స్థాయిలో తప్పనిసరిగా అడుగుపెట్టవలసి వస్తుంది కనుక, అదే ఆనకట్ట మనకు కొత్త చోటులా కనిపిస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన, దొంగ పాత్రలో ఆడే థీఫ్ మరో అడుగు ముందుకు వేసింది: ఎక్స్‌పర్ట్ స్థాయిలో చాలా చోట్ల మనిషిని చంపితే మిషన్ విఫలమైనట్టే. కష్టం పెరిగేకొద్దీ ఆ దొంగ మరింత నేర్పరి కావలసి వస్తుంది. 1993 నాటి డూమ్‌లో కూడా స్థాయిని బట్టి ఏ గదిలో ఎన్ని రాక్షసులుండాలో మారుతుంది, చివరిదైన నైట్‌మేర్‌లో చచ్చినవి మళ్ళీ లేచివస్తాయి. ముప్పై ఏళ్ళ కిందటే ఇంత ఆలోచించినవారుండగా, ఇప్పటికీ రెండు అంకెలను గుణించి కొత్త స్థాయి అని పేరు పెట్టడం బద్ధకం తప్ప మరొకటి కాదు.

నిదానం గారు నమ్ముతున్న తయారీదారు సంకల్పం విషయంలో కూడా నాకు సందేహాలున్నాయి. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల లోపల చిన్న స్విచ్‌లు ఉండేవి. ఆట ఎంత కష్టంగా ఉండాలో వాటితో యంత్రం యజమాని సర్దుకునేవాడు, ఆ సర్దుబాటుకు అతడి నాణేల లెక్కకూ సంబంధం ఉండేది. 1977లో వచ్చిన ఇంట్లో టీవీకి తగిలించి ఆడే అటారి 2600 కన్సోల్ మీదే డిఫికల్టీ స్విచ్‌లు రెండు ఉండేవి. గ్రేడియస్ ఆటను ఇంటి కన్సోల్‌కు మలుస్తున్నప్పుడు, పరీక్షించడానికి కూడా అది మరీ కష్టంగా ఉందని దాన్ని తయారుచేస్తున్న కజుహిసా హషిమొటో తన కోసం ఆటను తేలిక చేసే ఒక రహస్య మీటల వరుస పెట్టుకున్నాడు; తరువాత లోకమంతా కొనామి కోడ్ అని చెప్పుకున్నది దాన్నే. తయారుచేసినవాడికే ఈజీ మోడ్ అవసరమైందన్నమాట! ఇక 2005లో డెవిల్ మే క్రై 3 అమెరికాకు వచ్చేసరికి, జపాన్‌లో హార్డ్ అనుకున్నది అక్కడ నార్మల్ అయి కూర్చుంది. ఆ రెంటిలో ఏది అసలు సంకల్పం?

గురిపెట్టు:

స్కైరిమ్ ఉదాహరణను అంగీకరిస్తాను. గోల్డెన్‌ఐ పద్ధతిలో చేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ అలా చేయడానికి ఎంత పని పడుతుందో, ఎంతమంది చేస్తారో మీరే చెప్పండి.

నిదానం:

పాతకార్ట్రిడ్జ్ గారి ఉదాహరణలు నా వాదాన్నే బలపరుస్తున్నాయని అనుకుంటున్నాను. గోల్డెన్‌ఐలోని మూడు స్థాయిలూ తయారీదారు తన చేత్తో అమర్చినవే. అవి మూడు వేర్వేరు సంకల్పాలు, వాటిలో ఒకటి ఎంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కష్టాన్ని ఎంతకైనా జరుపుకునే స్లైడర్ చేతికిచ్చి మీ ఇష్టం అనడమే నాకు మింగుడుపడదు. పదోసారి ఓడిపోయిన చోట మెనూ తెరిచి ఒక గీటు తగ్గించుకునే వీలుంటే, పదకొండోసారి గెలవడంలోని తృప్తి ఎక్కడ మిగులుతుంది? అందుకే 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ తన అత్యున్నత స్థాయిని మధ్యలో మార్చనివ్వకపోవడం సబబుగా తోస్తుంది. అంతకన్నా మెరుగైన దారి రెసిడెంట్ ఈవిల్ 4ది. 2005లోనే అది ఆటగాడి తీరును గమనిస్తూ, బాగా ఆడితే శత్రువులను బిగించి, చస్తూ ఉంటే లోలోపలే సడలించేది. అడగకుండా, అవమానించకుండా పని జరిగిపోతుంది.

కుడిచెయ్యి:

అవమానం మాట మీరే ఎత్తారు గనుక గుర్తుచేస్తున్నాను: 1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డిలో అన్నిటికన్నా తేలిక స్థాయికి "నాన్నా, నేనూ ఆడొచ్చా?" అన్న అర్థంలో పేరు పెట్టి, కథానాయకుడి తలకు పసిపిల్లల టోపీ తొడిగి, నోట్లో పీక పెట్టారు. అలా వెక్కిరించే తెర మీద ఎవరైనా తమకు నిజంగా కావలసినది ఎంచుకుంటారా? మెనూలో గీటు తగ్గించుకోవడం మీకు తృప్తి ఇవ్వకపోతే మీరు తగ్గించుకోకండి. మీ నిగ్రహం కోసం నా మెనూకు తాళం వేయమనడం న్యాయం కాదు.

రెసిడెంట్ ఈవిల్ 4 పద్ధతి మీద నా అభ్యంతరం వేరు. ఓడిపోయి, మళ్ళీ ప్రయత్నించి గెలిచినప్పుడు, గెలిచినది నా నేర్పా లేక ఆట చూపిన జాలా అన్నది నాకు తెలియదు. తృప్తి గురించి మీరు చెప్పినది నిజమైతే, దాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ రహస్య సహాయమే. హేడీస్‌లోని గాడ్ మోడ్ అనే సహాయ ఏర్పాటు చూడండి: మొదట తగిలే దెబ్బల్లో 20 శాతం తగ్గిస్తుంది, చచ్చిన ప్రతిసారీ మరో 2 శాతం కలుపుతుంది, 80 శాతం దగ్గర ఆగుతుంది. ఎంత సాయం అందుతోందో దాపరికం లేకుండా చెబుతుంది, కావాలంటే ఆపేయవచ్చు.

పాతకార్ట్రిడ్జ్:

హేడీస్ పద్ధతిలో నాకు నచ్చినది మరొకటి ఉంది: అది ప్రశ్నను సరైన వేళకు వాయిదా వేస్తుంది. నిదానం గారు మొదట ఎత్తిన అభ్యంతరం, ఏమీ తెలియకముందే అడుగుతున్నారన్నది, ఈ చర్చలో అందరికన్నా బలమైన మాట. దానికి విరుగుడు ఎంపికను తీసేయడం కాదు. మొదటి బాస్ (ఘట్టం చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దాకా అందరినీ ఒకే స్థాయిలో నడిపించి, అక్కడ ఆపి, ఏ స్థాయిలో సరిగ్గా ఏమేమి మారుతుందో రాసి చూపి, అప్పుడు అడగాలి. దెబ్బ మూడింతలు అవుతుందంటే ఆ మూడు అన్న అంకె తెర మీద కనిపించాలి. గురిపెట్టు గారు అడిగిన పని భారం మాట నిజమే, ప్రతి స్థాయికీ కొత్త లక్ష్యాలు అమర్చడం చిన్న బృందాలకు తలకు మించిన పని; కానీ ఉన్న గుణకాలను దాచకుండా రాసిపెట్టడానికి ఎంత బృందం కావాలి?

నిదానం:

మొదటి బాస్ తరువాత అడగడానికి ఒప్పుకుంటాను, అయితే ఒక షరతు: అప్పుడు ఎంచుకున్నదే చివరిదాకా ఉండాలి.

కుడిచెయ్యి:

నేను ఆడుతుండగా మధ్యలో చెయ్యి నొప్పి చేస్తే?