చక్కగా పనిచేస్తున్న విండోస్ 10ను వదిలి 11కు మారాలా?

వెన్నెలబాట:

మా ఇంట్లో ఉన్నది ఒకే డెస్క్‌టాప్. ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్, అందులో విండోస్ 10, 22హెచ్2 వెర్షన్. పిల్లల చదువు, బ్యాంకు లావాదేవీలు, ఇంటి లెక్కలు, నాన్నగారి కాగితాల స్కానింగ్, ఏళ్లుగా పోగైన ఫొటోలు అన్నీ దాని మీదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని తెలుసు. అయినా కంప్యూటర్ మునుపటిలాగే నడుస్తోంది. 11కు మారదామని, కంప్యూటర్ దానికి తగినదో కాదో చెప్పే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ పీసీ హెల్త్ చెక్ నడిపితే, ప్రాసెసర్ సరిపోతుంది గానీ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కనిపించడం లేదని చెబుతోంది. పైగా మా స్కానర్ పాతది, తయారీదారు దానికి కొత్త డ్రైవర్ (విండోస్‌లో దాన్ని పనిచేయించే ప్రోగ్రామ్) ఇవ్వడం ఎప్పుడో మానేశారు. ఇంట్లో ఒకరు వెంటనే మార్చమంటున్నారు, మరొకరు ముట్టుకోవద్దంటున్నారు. మారితే కలిగే మేలు ఏమిటో, మారకపోతే జరిగే నష్టం ఏమిటో కారణాలతో సహా చెప్పగలరని మనవి.

కవచం:

వెన్నెలబాట గారూ, మారండి, ఆలస్యం చేయకండి అని నేనంటాను. మద్దతు ముగిసిన మర్నాడు కంప్యూటర్‌లో ఏ మార్పూ కనిపించదు కాబట్టే చాలామంది ఏమీ కాలేదనుకుంటారు. మార్పు బయట మొదలవుతుంది. విండోస్ 10, 11 లోపలి భాగాలు చాలామట్టుకు ఒకే మూలం నుంచి వచ్చినవి. నెలనెలా రెండో మంగళవారం 11కు భద్రతా ప్యాచ్‌లు (లోపాలను పూడ్చే నవీకరణలు) విడుదలైనప్పుడు, పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి పోల్చి, ఏ లోపాన్ని పూడ్చారో పసిగట్టేవారు ఉంటారు. అదే లోపం 10లోనూ ఉండి, అక్కడ పూడ్చే దిక్కు లేకపోతే, ఆ ప్యాచే దాడి చేసేవారికి దారి చూపిస్తుంది. అందుచేత మద్దతు లేని వ్యవస్థ ఉన్నచోటనే నిలిచి ఉండదు, నెల నెలకూ మరికాస్త బలహీనపడుతుంది.

2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి జరిగినప్పుడు, 2014 ఏప్రిల్ 8నే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా ప్యాచ్ ఇవ్వవలసి వచ్చింది. ప్రతిసారీ అలా ఇస్తారని నమ్ముకుని కూర్చోలేం. బ్యాంకు పని జరిగే కంప్యూటర్ విషయంలో ఈ పరీక్ష అనవసరం.

నిలకడ:

ప్యాచ్‌లను పోల్చి లోపాలు వెతుకుతారన్న మాట నిజమే, దానితో నాకు పేచీ లేదు. కానీ వానాక్రై ఉదాహరణ కవచం గారి వాదనకు ఉపకరించదు. ఆ దాడిలో దెబ్బతిన్న కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7వి. విండోస్ 7కు అప్పటికి మద్దతు ఉంది, 2020 జనవరి 14 దాకా కొనసాగింది కూడా. ఆ లోపానికి ప్యాచ్ 2017 మార్చిలోనే, అంటే దాడికి రెండు నెలల ముందే వచ్చింది. వచ్చిన ప్యాచ్ వేసుకోకపోవడమే అక్కడ కొంప ముంచింది. పైగా ఆ పురుగు, కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ మార్గం గుండా పాకింది. ఇంటి రౌటర్ వెనుక ఉన్న కంప్యూటర్‌కు ఆ మార్గం బయటివారికి మామూలుగా తెరిచి ఉండదు. ఇళ్లలోకి ముప్పు ఎక్కువగా వచ్చేది బ్రౌజర్ నుంచి, ఈమెయిల్ వెంట వచ్చే ఫైళ్ల నుంచి, బ్యాంకు పేరుతో తయారు చేసిన నకిలీ పేజీల నుంచి. నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టేవారిని 11 కూడా కాపాడదు.

ఇక తొందరపడాలా అంటే, అవసరం లేదు. విండోస్ 10 మీద ఎడ్జ్ బ్రౌజర్‌కూ, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ వైరస్ నిర్వచనాలకూ 2028 అక్టోబరు వరకు నవీకరణలు ఇస్తామని మైక్రోసాఫ్టే ప్రకటించింది. ఇళ్లలో వాడేవారి కోసం ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకం ఉంది, దానిలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు ముఖ్యమైన భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్‌లను ఆ ఖాతాకు బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే రుసుము కూడా ఉండదు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మీకు అది ఉంది.

ఇంటి లెక్కలు, ఫొటోలు, స్కానర్ అన్నీ ఒకే యంత్రం మీద ఆధారపడి ఉన్నప్పుడు, దాన్ని కదిలించడంలో ఉన్న ముప్పును కూడా ముప్పుగానే లెక్క కట్టాలి. భద్రత పేరుతో చేసిన అప్‌గ్రేడ్ సగంలో ఆగిపోయి, బ్యాకప్ లేక ఫొటోలు పోగొట్టుకున్నవారి బాధ, వైరస్ వల్ల పోగొట్టుకున్నవారి బాధ కన్నా తక్కువది కాదు.

కవచం:

విండోస్ 7 గురించి నిలకడ గారు చెప్పిన వివరం సరైనదే, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ వివరాన్నే కాస్త ముందుకు తీసుకువెళ్లండి. వచ్చిన ప్యాచ్‌ను వేసుకోకపోవడం వల్ల అంత నష్టం జరిగితే, ప్యాచే రాని వ్యవస్థలో ఉండిపోవడం దానికన్నా మెరుగు ఎలా అవుతుంది?

డిఫెండర్ నిర్వచనాలు 2028 దాకా వస్తాయన్న మాటతో ఎవరూ నిశ్చింతగా ఉండకూడదని గట్టిగా చెప్పదలచుకున్నాను. నిర్వచనాలు తెలిసిన వైరస్ ఫైళ్లను గుర్తుపట్టడానికి పనికివస్తాయి. విండోస్ మూలభాగమైన కెర్నెల్‌లోనో, ఫాంట్లనూ చిత్రాలనూ చదివే భాగంలోనో ఉన్న లోపాన్ని అవి పూడ్చవు. తాళం చెడిపోయిన తలుపు ముందు కాపలా మనిషిని నిలబెట్టినంత మాత్రాన తాళం బాగుపడదు. కాబట్టి ఈఎస్‌యూలో చేరకుండా, ఉత్త డిఫెండర్‌ను నమ్ముకుని 10లో ఉండిపోవడాన్ని నేను ఏ కుటుంబానికీ సలహాగా చెప్పను. ఈఎస్‌యూలో చేరితే మాత్రం ఊపిరి తీసుకోవడానికి కొంత వ్యవధి దొరికినట్టే, దాన్ని కాదనను. ఆ వ్యవధిని ఏం చేస్తారన్నదే నా ప్రశ్న.

మూడోదారి:

ఇంకో దారి కూడా ఉందని గుర్తు చేస్తున్నాను. విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ మింట్ 22కు 2029 ఏప్రిల్ వరకు మద్దతు ఉంది, రుసుము లేదు, టీపీఎం అక్కర లేదు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, హార్డ్‌డిస్క్ మీద ఏమీ రాయకుండానే స్కానర్ పనిచేస్తుందో లేదో చూసుకోవచ్చు. పాత స్కానర్లు చాలావాటికి అక్కడ డ్రైవర్లు ముందే ఉంటాయి. అయితే ఇంటి లెక్కలకు వాడే ప్రోగ్రామ్ విండోస్‌కు మాత్రమే తయారైనదైతే ఈ దారి ఇబ్బంది పెడుతుంది. ఏడో తరం, అంతకన్నా పాత ప్రాసెసర్లు ఉన్నవారికి ఇదే నా మొదటి సలహా అయ్యేది. మీ ప్రాసెసర్ 11కు అర్హమైనదే కాబట్టి మిమ్మల్ని బలవంతపెట్టను.

మరమ్మతు:

చర్చ తేదీల చుట్టూ తిరుగుతోంది గానీ, వెన్నెలబాట గారి యంత్రంలో అసలు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఇలాంటి కంప్యూటర్లు చాలా విప్పి చూసినవాడిగా చెబుతున్నాను.

మొదటిది టీపీఎం. ఎనిమిదో తరం ఐ5లో అది లేకపోవడం కాదు, ఆపి ఉంచి ఉంటారు. ఆ కాలపు మదర్‌బోర్డుల్లో ఇంటెల్ పీటీటీ అనే పేరుతో బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్‌లలో) ఉంటుంది, చాలా బోర్డుల్లో దాన్ని మనమే ఆన్ చేయాలి. ఆన్ చేశాక విండోస్‌లో విన్ కీ, ఆర్ నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొడితే, తెరుచుకున్న కిటికీలో స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపించాలి. అయితే ఆ సెట్టింగ్ ముట్టుకునే ముందు డిస్క్‌కు రహస్య తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో తప్పక చూడండి. ఉంటే తాత్కాలికంగా సస్పెండ్ చేయండి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ జాగ్రత్త లేకుండా బయోస్ మార్చినవారికి మళ్లీ ఆన్ చేయగానే నీలి తెర మీద ఆ కీ అడుగుతూ కంప్యూటర్ ఆగిపోతుంది, కీ లేకపోతే అందులోని ఫైళ్లు ఎవరి వల్లా బయటికి రావు.

రెండోదాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. కంప్యూటర్ వివరాలు చూపే ఎంఎస్ఇన్ఫో32 తెరిచి బయోస్ మోడ్ అన్న వరుస చూడండి. అక్కడ లెగసీ అని ఉంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉందని అర్థం. దాన్ని కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చి, బయోస్‌ను లెగసీ నుంచి కొత్తదైన యూఈఎఫ్ఐలోకి తెస్తే తప్ప, 11 కోరే సెక్యూర్ బూట్ అనే రక్షణ కుదరదు. ఎంబీఆర్2జీపీటీ అనే విండోస్ సొంత పరికరం డేటా చెరపకుండా ఈ మార్పు చేస్తుంది గానీ, డిస్క్‌లో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లోని ప్రధాన విభాగాలు) ఉన్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల డీ, ఈ డ్రైవులు చేసి ఉన్నా అది ఒప్పుకోదు. పాత కంప్యూటర్లలో సరిగ్గా అలాగే విభజించి ఉంటారు. ముందుగా వ్యాలిడేట్ ఆదేశంతో పరీక్షిస్తే, డిస్క్‌ను మార్చకుండానే కుదురుతుందో లేదో చెబుతుంది.

మూడోది హార్డ్‌డిస్క్. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైనది ఇదే. తిరిగే హార్డ్‌డిస్క్ మీద 11ను నడపడం అంటే రోజూ సహనాన్ని పరీక్షించుకోవడం. కంప్యూటర్ ఆన్ చేసిన కొంతసేపటి వరకు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వరుస నూరు శాతం దగ్గరే నిలిచిపోతుంది, ఏది నొక్కినా ఆలస్యంగా తెరుచుకుంటుంది. "11 వచ్చాక కంప్యూటర్ పాడైంది" అనేవారిలో చాలామంది ఫిర్యాదు నిజానికి డిస్క్ మీద. ముందు తిరిగే భాగాలు లేని వేగమైన ఎస్‌ఎస్‌డీ వేసి, సీ డ్రైవును, విడిగా ఉంటే విండోస్ లేవడానికి కావలసిన చిన్న సిస్టమ్ రిజర్వ్డ్ పార్టిషన్‌ను మాత్రమే దాని మీదికి క్లోన్ చేయండి (ఉన్నదున్నట్టు నకలు తీయండి), డీ, ఈ డ్రైవుల్లోని ఫైళ్లను బయటి డిస్క్‌కు ఎత్తండి. పార్టిషన్ల చిక్కు కూడా దీనితోనే తీరుతుంది. ఆ పాత హార్డ్‌డిస్క్‌ను చెరపకుండా అలాగే తీసి పక్కన పెట్టండి.

అప్‌గ్రేడ్ తర్వాత వెనక్కి వెళ్లే వీలు విండోస్ మామూలుగా 10 రోజులే ఇస్తుంది, ఆ గడువు దాటితే పాత విండోస్ ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ పోతుంది. పక్కన పెట్టిన పాత డిస్క్‌కు గడువు లేదు. బయోస్‌ను తిరిగి లెగసీకి మార్చి దాన్ని తగిలిస్తే మీ పాత కంప్యూటర్ యథాతథంగా లేస్తుంది. నిలకడ గారు చెప్పిన భయానికి నాకు తెలిసిన సరైన సమాధానం ఇది.

నిలకడ:

మరమ్మతు గారు చెప్పిన క్రమంలో చేస్తే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. ఒక్క మాట కలుపుతాను. అప్‌గ్రేడ్ కాకుండా 11ను మొదటి నుంచి కొత్తగా వేయించుకుంటే, 24హెచ్2 వెర్షన్ నుంచి చాలా కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. ఎవరైనా వేరేవారు వచ్చి, తమకు తోచిన ఖాతా ఒకటి తెరిచి సెటప్ చేసి వెళ్తే, ఆ ఖాతా పాస్‌వర్డ్ మీ దగ్గర లేకపోవడం రేపు మీ ఫొటోలు మీకు అందకపోవడంతో సమానం. ఖాతా మీదై ఉండాలి, కీ కాగితం మీద ఉండాలి.

వెన్నెలబాట:

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో మాట్లాడుకున్నాక ముందుగా ఈఎస్‌యూలో చేరాం. బిట్‌లాకర్ ఆన్‌లో లేదని చూసుకుని పీటీటీ ఆన్ చేస్తే టీపీఎం 2.0 కనిపించింది. బయోస్ మోడ్ దగ్గర లెగసీ అనే ఉంది, డీ, ఈ డ్రైవులు కూడా మీరన్నట్టే ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ వేయించాలని నిర్ణయించుకున్నాం. మిగిలిన సందేహం స్కానర్ ఒక్కటే. మా విండోస్ 64 బిట్‌దే.

మరమ్మతు:

64 బిట్ విండోస్ 10లో పనిచేస్తున్న డ్రైవర్ 11లోనూ చాలావరకు పనిచేస్తుంది, ఎందుకంటే డ్రైవర్ల అమరికలో పెద్ద తేడా లేదు. అడ్డు వచ్చేది, నమ్మదగని డ్రైవర్లు కెర్నెల్‌లోకి రాకుండా ఆపే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ. అది ఇప్పుడు మీ 10లోనూ ఉంది: విండోస్ సెక్యూరిటీ తెరిచి, డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ వివరాల్లోకి వెళ్లి, దాన్ని ఆన్ చేయబోయి చూడండి. పొసగని డ్రైవర్లు ఉంటే పేర్లతో సహా జాబితా ఇస్తుంది. మారకముందే తేలిపోతుంది. అందులో స్కానర్ డ్రైవర్ ఉంటే, ఆ రక్షణను ఆపి ఉంచి స్కానర్ వాడుకోవచ్చు.

కవచం:

ఆ చివరి వాక్యంతో ఏకీభవించలేను. భద్రత కోసం ఇంత శ్రమపడి 11కు వచ్చి, ఎప్పుడో తయారీదారు వదిలేసిన డ్రైవర్ కోసం కెర్నెల్‌కు ఉన్న రక్షణను ఆపడం నాకు సబబుగా తోచడం లేదు. పక్కన పెట్టిన పాత డిస్క్ ఉందిగా, మూడోదారి గారు చెప్పిన పెన్‌డ్రైవ్ లినక్స్ ఉంది. స్కానర్ అవసరమైన రోజున వాటిలో ఒకదానితో, అదీ నెట్ తీసేసి వాడవచ్చు.

నిలకడ:

నాన్నగారు కాగితం స్కాన్ చేయాలంటే ప్రతిసారీ పెన్‌డ్రైవ్ నుంచి మరో వ్యవస్థ లేపాలంటే ఆయన ఆ పని మానేస్తారు. మెమరీ ఇంటెగ్రిటీ విండోస్ 10లోనూ చాలా ఇళ్లలో ఆన్‌లో లేదు, కాబట్టి దాన్ని ఆపి ఉంచితే మీరు ఇప్పుడున్న స్థితి కన్నా దిగజారరు, 11 ప్యాచ్‌లు అదనంగా దక్కుతాయి. ఈ ఒక్క విషయంలో నేను మరమ్మతు గారి వైపు.

వెన్నెలబాట:

కోర్ ఐసోలేషన్ తెరిచి చూశాం. జాబితాలో ఒకే డ్రైవర్ పేరు వచ్చింది, అది స్కానర్‌ది కాదు, ఎప్పుడో తీసేసిన టీవీ ట్యూనర్ కార్డుది. దాన్ని తొలగించి మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేసి, కంప్యూటర్ మళ్లీ మొదలుపెట్టాక స్కానర్‌తో ఒక పేజీ తీశాం, వచ్చింది. పిల్లల పరీక్షలు అయ్యాక ఎస్‌ఎస్‌డీ, ఆ తర్వాత 11.