‘ఓపియాయిడ్ నిరోధకాలు పునరుత్పత్తి హార్మోన్లను పెంచుతాయి’: ఈ వాక్యం సరైనదేనా?

చర్చకు పెట్టిన పై వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు. (ఓపియాయిడ్లంటే మార్ఫిన్ వంటి మత్తుమందులు, శరీరంలోనే తయారయ్యే అలాంటి పదార్థాలు.) అయినా ‘నిరోధకాలు’, ‘పెంచుతాయి’ అన్న రెండు మాటల దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది.

‘నిరోధకం’ అనగానే మన పాఠకులకు ముందుగా తోచేది గర్భనిరోధకమే. 1968లో మొదలైన ‘నిరోధ్’ ప్రచారం ఆ ముద్రను ఇంకా బలపరిచింది. పునరుత్పత్తి పక్కనే ఆ మాట కనిపిస్తే ఇదేదో పిల్లలు పుట్టకుండా వాడే మందని అనుకోవడం సహజం. నిజానికి ఆ వాక్యం చెప్పే నాలోక్సోన్, నాల్ట్రెక్సోన్ వంటి మందులు మెదడులోని ఓపియాయిడ్ గ్రాహకాలను, అంటే ఓపియాయిడ్లు అతుక్కుని పనిచేసే చోట్లను, ఆక్రమించి, మార్ఫిన్ వంటి వాటినే కాక, శరీరం తనంతట తాను తయారుచేసుకునే బీటా-ఎండార్ఫిన్‌ను కూడా అక్కడ పనిచేయనివ్వవు. హార్మోన్లపై ప్రభావానికి మూలం ఈ బీటా-ఎండార్ఫిన్‌ను అడ్డుకోవడమే.

మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోను ధారగా కాక విడతలు విడతలుగా వెలువడుతుంది. ఒక్కో విడతకు స్పందించి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్. అనే మరో హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. స్త్రీలలో అండం విడుదల కావడానికీ, పురుషులలో టెస్టోస్టెరాన్ తయారుకావడానికీ అదే ప్రేరణ. ఈ విడతలకు బీటా-ఎండార్ఫిన్ ఒక కళ్ళెం. నెలసరి మొదటి సగంలో గంటకో గంటన్నరకో ఒకసారి వచ్చే విడతలు, అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఆ కళ్ళేన్ని బిగించడంతో మూడు నాలుగు గంటలకోసారికి నెమ్మదిస్తాయి. ఆ దశలో నాలోక్సోన్ ఎక్కిస్తే విడతలు మళ్ళీ దగ్గరపడి, ఎల్.హెచ్. పెరుగుతుంది. అదే మందును నెలసరి తొలి రోజుల్లో ఇచ్చినా, ముట్లుడిగి హార్మోన్ మందులు వాడని స్త్రీలకు ఇచ్చినా చెప్పుకోదగ్గ మార్పు సాధారణంగా కనిపించదు, ఎందుకంటే అప్పుడు తొలగించడానికి అక్కడ అంత అణచివేత ఉండదు.

అందుకే ‘పెంచుతాయి’ అన్నది నాకు సమ్మతం కాదు. ఎవరికి, ఎప్పుడు ఇచ్చినా మందే హార్మోన్లను పుట్టిస్తుందన్న భావం అందులో ఉంది. రానిచ్చు, పోనిచ్చు, చేయనిచ్చు అని అడ్డు తీసి వదలడాన్ని చెప్పే చక్కని క్రియారూపం మనకు ఉండగా దాన్ని వాడుకోకపోవడం అన్యాయం. నేనైతే ‘ఓపియాయిడ్లను పనిచేయనివ్వని మందులు, వాటి అణచివేత ఉన్నచోట, పునరుత్పత్తి హార్మోన్లను పెరగనిస్తాయి’ అని రాస్తాను. వాక్యం పొడవైనా ఫరవాలేదు.

‘నిరోధకం’ బదులు ‘విరోధి’ అందామని ఈ చర్చలో ఒక మిత్రులు సూచించారు. గర్భనిరోధకమన్న భ్రమ దానితో తొలగుతుంది, కానీ ఆ మందు చేసే పని మాత్రం తెలియదు. వివరణ ఒకసారి ఇచ్చాక ‘అడ్డుకునే మందు’ అంటే చాలునని నా అభిప్రాయం.

క్రియ విషయంలో ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ‘పెంచుతాయి’ అని చదివినవారు దీన్ని సంతానం కోసమో, టెస్టోస్టెరాన్ కోసమో వాడే మందనుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో నాల్ట్రెక్సోన్‌కు 1984లో ఓపియాయిడ్ వ్యసనానికీ, 1994లో మద్యపాన వ్యసనానికీ అనుమతి వచ్చింది కానీ, సంతానలేమికి కాదు. బరువు బాగా తగ్గడం వల్లనో, ఒత్తిడి వల్లనో నెలసరి ఆగిన స్త్రీలకు ఇచ్చి చూసినప్పుడు కొందరిలో అండం విడుదల తిరిగి మొదలైంది, మరికొందరిలో కాలేదు. పైగా ఓపియాయిడ్లు వాడుతున్నవారు దీన్ని వేసుకుంటే, మత్తు మానినప్పుడు వచ్చే బాధలన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. కాబట్టి ఏ పత్రికలో రాసినా ఈ హెచ్చరిక ఆ వాక్యం వెంటనే ఉండాలి.