‘చెల్లియొ చెల్లకో’: ఈ ‘చెల్లి’ ఏ చెల్లి?

పద్యాభిమాని: నిన్న రాత్రి నుంచి ఈ ముక్క వదలట్లేదు. “చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచి రందరున్”. కౌరవసభలో కృష్ణుడు చెప్పే ఈ రాయబారం పద్యం మొత్తం నోటికొచ్చు, మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను. తమకు చేసిన కీడులన్నీ పాండవులు ఓర్చుకున్నారన్నది సరే. చేవ ఉండో లేకో అనా, తగునో తగదో అనా?

పాత తెలుగు మాస్టారు: చేవే. చెల్లి, చెల్లక రెండూ క్త్వార్థాలు, అంటే ‘చేసి’, ‘చేయక’ లాంటి అసమాపక క్రియలు. ‘సైచిరి’కి కర్త పాండవులైతే వీటికీ వాళ్లే.

గోదావరి గట్టు: ఒప్పుకోను మాస్టారూ. ‘వాన కురిసి పంటలు పండాయి’లో కర్త ఒక్కరేనా? మావైపు మాట చెల్లిందంటే నెగ్గిందని. నిండు సభలో ద్రౌపది ప్రశ్న చెల్లలేదు, ఇదీ అదే.

రాజనీతి విద్యార్థి: దూత కావాలనే తేల్చకుండా వదిలాడని నా నమ్మకం. చేవ లేదంటే సుయోధనుడికి అలుసు, ఉందంటే బెదిరింపు. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ సలహా బృందంలో మొదట చాలామంది విమానదాడి వైపే మొగ్గారు. చివరికి ఓడల్ని అడ్డుకోవడమే ఖాయమైంది. దాన్ని ‘బ్లాకేడ్’ (దిగ్బంధం) అంటే యుద్ధచర్య అవుతుంది, అందుకే 22న ప్రసంగంలో ‘క్వారంటైన్’ అన్నాడు. ఎదుటివాడికి వెనక్కి తగ్గే దారి ఆ ఒక్క మాటలోనే ఉంది.

తిక్కన పాఠకురాలు: నా అనుమానం ‘అందరున్’ మీద. కృష్ణుడు బయల్దేరేముందు ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. భీముడంతటివాడు మెత్తబడ్డాడు, సహదేవుడు యుద్ధమే కావాలన్నాడు. ఇక తిక్కనగారి ద్రౌపది! “ఈ వెండ్రుకలు వట్టి” దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. ఆవిడ ఎక్కడ సైచింది?

రాజనీతి విద్యార్థి: అవునండీ. మనసులో మాట జంకకుండా చెప్తారని కెనెడీ కొన్ని సమావేశాలకు వెళ్లనేలేదు. ధర్మరాజు మాత్రం ఎదురుగా కూర్చునే అన్నీ విన్నాడు.

గోదావరి గట్టు: క్రియలు చూడండి. “దూతగ బంపిరి”, పంపింది అందరూ. “సంధి సేసెదో”, తేల్చాల్సింది ఒక్కడు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు, గాంధారి చెప్పినా వినలేదు. తండ్రేమో నా చేతుల్లో లేదన్నాడు.

పాత తెలుగు మాస్టారు: బావుంది, కానీ వాన ఉదాహరణ ఇక్కడ అతకదు. అక్కడ వాన కారణం, పంట కార్యం. ఇక్కడ ‘చెల్లక’ సైచడానికి కారణమైతే, ‘చెల్లియొ’ ఎలా అన్వయిస్తారు?

గోదావరి గట్టు: రేపు నిఘంటువు ముందేసుకుని వస్తాను.

పద్యాభిమాని: ఈలోగా ఇంకొకటి. “ఎల్లి రణంబె”లో ఎల్లి అంటే రేపు కదా. మన ‘ఎల్లుండి’లో ఉన్నదీ ఈ ఎల్లియేనా?