విదేశీ విద్యార్థులు బెంగళూరు, చెన్నై యూనివర్సిటీలకు రావాలంటే ముందు ఏది మార్చాలి? (ఆన్‌లైన్ చర్చ; మొదట్లో ఉన్నవి సభ్యులు పెట్టుకున్న పేర్లు)

జయనగర్ నాలుగో బ్లాక్: విదేశీ విద్యార్థులను రప్పించడానికి 2018లో కేంద్రం 'స్టడీ ఇన్ ఇండియా' పథకం మొదలుపెట్టింది. ఉన్న సీట్లకు తోడు మరో 25 శాతం దాకా విదేశీయులకు ఇచ్చుకోవచ్చని 2022లో యూజీసీ అంది. కేంద్రం చేసే ఉన్నత విద్య సర్వే ఏఐఎస్‌హెచ్‌ఈ లెక్కల్లో మాత్రం 2019-20లో 49,348 మంది విదేశీ విద్యార్థులుంటే 2021-22కి 46,878కి తగ్గారు. మధ్యలో కోవిడ్ వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ అంతకు ముందు కూడా ఇంత పెద్ద దేశానికి ఈ సంఖ్య ఏపాటిది? ఇక్కడి యూనివర్సిటీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. ఢిల్లీ మీదికి నెట్టకుండా మన చేతిలో ఉన్న పని ఏదో చెప్పండి.

శాంతినగర్ ఫైలు: వచ్చినవాడి మొదటి రెండు వారాలు. 180 రోజులకు మించిన గడువున్న స్టూడెంట్ వీసా ఉంటే దిగిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో నమోదు కావాలి. దరఖాస్తు ఆన్‌లైనే. పాస్‌పోర్టు, వీసా, మన విద్యార్థేనని కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్, చిరునామా రుజువు పెట్టాలి. చిక్కంతా చివరి రెండింటితోనే.

బోనఫైడ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన అడ్మిషన్ సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు ముందుకు లాగేస్తుంది, లేదా పొడి అక్షరం చేసేస్తుంది. దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఇక చిరునామా. విదేశీయుడు గదిలో దిగిన 24 గంటల్లో హాస్టల్ ఆ సంగతి ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించాలి, దాన్నే సీ-ఫామ్ అంటాం (2025 నుంచి దాని పేరు ఫామ్-III). చాలా హాస్టళ్లకు ఆ లాగినే లేదు. ఉన్నచోట పాస్‌వర్డు బదిలీ అయిపోయిన గుమాస్తా దగ్గర ఉంటుంది.

తర్వాత బ్యాంకు. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లెటర్ చూపిస్తే ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల రూపాయి) ఖాతా తెరుస్తారు, స్థానిక చిరునామా రుజువు 30 రోజుల్లో ఇవ్వాలి. అది తేలేదాకా బయటి నుంచి వెయ్యి డాలర్లకు మించి తెప్పించుకోలేడు, ఖాతాకు మొత్తం మీద 50 వేల రూపాయల హద్దు కూడా ఉంటుంది. కాబట్టి ఫీజు కట్టలేడు. ఫీజు కట్టందే గది ఖాయం చేయరు. గది ఖాయం కానిదే చిరునామా లేదు.

చేయాల్సింది: టికెట్ బుక్ చేసుకోగానే గది నంబరు ఇవ్వాలి. దిగిన రోజే సీ-ఫామ్, మూడో రోజుకల్లా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దరఖాస్తు పడాలి. వాళ్లకు ఫీజు గడువు 45 రోజులు ఉండాలి. ఇదంతా ఒకే మనిషి చూడాలి, ఆ మనిషిని రెండేళ్లు కదపకూడదు.

ల్యాబ్ తాళం: సీ-ఫామ్ బాగుందని ఎవరూ దేశం మారరండీ. పరిశోధనకు వచ్చేవాడు చూసేది వేరు. అమెరికా యూనివర్సిటీలు పీహెచ్‌డీ ఆఫర్లకు జవాబు చెప్పడానికి ఇచ్చే గడువు ఏప్రిల్ 15. మన ఇంటర్వ్యూలు మే, జూన్‌లలో. అప్పటికి మంచి అభ్యర్థి ఎక్కడో అక్కడ సంతకం పెట్టేసి ఉంటాడు. విదేశీయులకు వేరుగా జనవరిలో వీడియో ఇంటర్వ్యూ పెట్టి, ఫిబ్రవరిలో ఆఫర్ లెటర్ పంపడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

రెండోది డబ్బు. నెలకు 37 వేల జేఆర్‌ఎఫ్, అంటే ప్రభుత్వ పరిశోధన ఫెలోషిప్, భారతీయులకే. అంటే విదేశీ స్కాలర్ జీతం సంస్థ సొంత నిధి నుంచో ప్రాజెక్టు నుంచో రావాలి. ప్రాజెక్టు మూడేళ్లకు ముగుస్తుంది, పీహెచ్‌డీ అయిదేళ్లు. మిగతా రెండేళ్ల సంగతి ఆఫర్ లెటర్‌లో రాయని సంస్థను ఎవరు నమ్ముతారు?

తరమణి ట్రాక్: 2021-22 లెక్కలో 28 శాతం నేపాల్ వాళ్లే. వాళ్లకు వీసా అక్కర్లేదు, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అక్కర్లేదు.

శాంతినగర్ ఫైలు: నా మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కాగితం అడ్డులేని దేశం నుంచే ఎక్కువమంది వస్తున్నారు.

ల్యాబ్ తాళం: దగ్గర కాబట్టి వస్తున్నారు, ఖర్చు తక్కువ కాబట్టి వస్తున్నారు. దాన్ని సీ-ఫామ్‌కి ముడిపెట్టకండి. పరిశోధనకు వచ్చేవాణ్ని ఆపే మూడోది ల్యాబు కొనుగోళ్లు, వాటి సంగతి చూడండి. కేంద్ర నిధులతో నడిచే పరిశోధన సంస్థలకు కొటేషన్ లేకుండా కొనే హద్దు 2025 జూన్‌లో లక్ష నుంచి 2 లక్షలకు పెంచారు, కమిటీ ద్వారా కొనేది 10 లక్షల నుంచి 25 లక్షలకు. ఐఐఎస్‌సీకి, ఐఐటీ మద్రాసుకు ఊపిరాడింది. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఇంకా 1998 తమిళనాడు టెండరు చట్టం, 1999 కర్ణాటక కొనుగోళ్ల చట్టమే నడుస్తున్నాయి. పీహెచ్‌డీ అయ్యాక ఏడాది పరిశోధనకని వచ్చిన పోస్ట్‌డాక్‌కి ఎంజైము అయిదో నెలలో అందితే, అదీ ఐస్ కరిగిపోయి అందితే, అతను వెనక్కెళ్లి తన స్నేహితులకు ఏం చెబుతాడు?

కొత్త సభ్యుడు: పీజీలో (పేయింగ్ గెస్ట్‌గా) ఉంటే సీ-ఫామ్ ఎవరు వేయాలి?

శాంతినగర్ ఫైలు: పీజీ ఓనరు. ఆ తలనొప్పి ఎందుకని బెంగళూరులో చాలామంది విదేశీయులకు గదే ఇవ్వరు. ఇల్లు తీసుకుందామంటే పది నెలల అడ్వాన్సు అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే మొదటి ఏడాది హాస్టల్ తప్పనిసరిగా ఇవ్వాలంటున్నాను.

ల్యాబ్ తాళం: ఎవరి మంచం తీసి ఇస్తారు? 25 శాతం అదనపు సీట్లు కాగితం మీద పుట్టాయి, మంచాలు పుట్టలేదు. మా దగ్గర రెండో ఏడాది స్కాలర్లు, మన పిల్లలు, ముగ్గురేసి ఒక గదిలో ఉన్నారు. డాలర్లలో ఫీజు కట్టాడని బీసీఏ కుర్రాడికి ఒంటరి గది ఇస్తారా? క్యూఎస్ ప్రపంచ ర్యాంకింగులో విదేశీ విద్యార్థుల నిష్పత్తికి ఉన్నది 5 శాతం మార్కులు. ఆ అయిదు కోసం తలలు లెక్కపెట్టడాన్ని అంతర్జాతీయం అనకండి.

శాంతినగర్ ఫైలు: ఇప్పుడు బయటపడింది. మీ జర్మన్ పోస్ట్‌డాక్ కోసం టెండరు చట్టం మార్చాలి, ఇంటర్వ్యూ జనవరికి జరపాలి. టాంజానియా నుంచి బీసీఏకి వచ్చినవాడు మాత్రం మీకు తల లెక్క. ఈ ఊళ్లకు వచ్చే విదేశీయుల్లో ఎక్కువమంది డిగ్రీ పిల్లలే, వాళ్ల ఇళ్లలో పొలం అమ్మి పంపిన డబ్బది. రిజిస్ట్రేషన్ గడువు దాటితే జరిమానా వాళ్లకే పడుతుంది, ఎయిర్‌పోర్టులో ఆపేది వాళ్లనే. వాళ్లను పిలిచింది మనం.

జయనగర్ నాలుగో బ్లాక్: ఇద్దరూ కాస్త తగ్గండి. మాట మనుషుల మీదికి పోతోంది.

ల్యాబ్ తాళం: తగ్గుతాను. 'తలలు' అన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. నా అభ్యంతరం ఆ పిల్లాడి మీద కాదు, సీట్లు పెంచి గదులూ ల్యాబులూ పెంచనివాళ్ల మీద. 40 కంప్యూటర్ల ల్యాబులో 50 మందిని కూర్చోబెడితే వచ్చినవాడికీ న్యాయం జరగదు, ఉన్నవాడికీ జరగదు. పడకలు ఎన్ని ఉన్నాయో చూసే సీట్లు ప్రకటించాలి. అది ఒప్పుకుంటే, అన్నీ ఒకే మనిషి చూడాలన్న మీ ఏర్పాటుకు నా మద్దతు ఉంటుంది.

శాంతినగర్ ఫైలు: నేను వద్దన్నానా? కానీ యూనివర్సిటీ పాలకమండలి అయిన సిండికేట్‌లో కూర్చునేది మీ ప్రొఫెసర్లు, నేను కాదు. మార్చిలో ప్రాస్పెక్టస్ అచ్చుకు వెళ్లేలోపు అంశంగా పెట్టించండి. హాస్టల్ వారీగా ఖాళీల పట్టిక, ఏ వార్డెన్ దగ్గర సీ-ఫామ్ లాగిన్ ఉందో లేదో ఆ జాబితా తయారుచేసే పద్ధతి రేపు ఇక్కడే రాస్తాను.

తరమణి ట్రాక్: మెస్ సీట్లు కూడా లెక్కేయండి. పడక దొరికి భోజనం టోకెన్ దొరకని హాస్టళ్లున్నాయి.