పాత షిప్పింగ్ కంటైనర్లతో పిల్లల గ్రంథాలయం: గోడ కోయవచ్చా, వేడి తగ్గేదెలా?

ప్రశ్న:
విశాఖపట్నం సమీపంలోని మా ఊరిలో పిల్లలకు చిన్న గ్రంథాలయం కట్టాలని, 20 అడుగుల పాత కంటైనర్లు రెండు కొనే ప్రయత్నంలో ఉన్నాము. రెండింటినీ పక్కపక్కన ఆనించి, నడుమ గోడలు పూర్తిగా కోసివేసి ఒకే గది చేయాలని మా ఉద్దేశం. అయితే మే నెల మధ్యాహ్నం యార్డులో ఒక కంటైనర్ లోపలికి వెళ్లి ఐదు నిమిషాలు కూడా నిలవలేకపోయాను. ఈ రెండు విషయాలూ తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం (స్ట్రక్చరల్ ఇంజినీరు):
ఓడలో కంటైనర్లను పేర్చినప్పుడు పైవాటి బరువంతా నాలుగు మూలల స్తంభాల గుండానే కిందికి దిగుతుంది. జ్యూరిక్‌లో 2006లో 17 పాత కంటైనర్లతో కట్టిన ఫ్రైటాగ్ అనే సంచుల కంపెనీ దుకాణంలో 26 మీటర్ల ఎత్తు గోపురం నిలిచింది ఈ మూలల బలం మీదనే. పెట్టెలను కలపడానికి ఓడల్లో వాడే బిగింపులనే అక్కడ వాడారు. అంతమాత్రాన మడతల రేకు గోడ ఊరికే ఉన్నదని అనుకోకండి. పెట్టె పక్కకు ఒరగకుండా, పై అంచు దూలం మధ్యలో కుంగకుండా పట్టి ఉంచేది ఆ గోడే. కాబట్టి గోడ తీయక తప్పదంటే, ముందుగా ఉక్కు చట్రం వెల్డింగ్ చేయించి, ఆ తరువాతే కోయించండి.

రెండవ సమాధానం (ఆర్కిటెక్టు):
నన్నడిగితే అసలు ఆనించవద్దంటాను. 2011 సునామీ తరువాత జపాన్‌లోని ఒనగావా పట్టణంలో చదునైన నేల దొరకనందున, వాస్తుశిల్పి షిగెరు బాన్ బేస్‌బాల్ మైదానంలో కంటైనర్లను మూడంతస్తుల వరకు పేర్చి 189 కుటుంబాలకు తాత్కాలిక నివాసాలు సమకూర్చారు. చదరంగం గడుల వలె పెట్టెల మధ్య ఖాళీలు విడిచి, పిల్లల గదులు, స్నానాల గదులు పెట్టెలలోనూ, కుటుంబమంతా కూర్చునే విశాలమైన గది ఆ వెలుతురు నిండిన ఖాళీలోనూ ఉండేలా అమర్చారు. నేను చూసిన కంటైనర్ కట్టడాలన్నిటిలోకీ నాకు అత్యంత ఇష్టమైన ఆలోచన ఇది.

మీరు కూడా రెండు పెట్టెల నడుమ పది అడుగులు వదిలి, మొత్తం మీద ఎత్తైన పైకప్పు వేయండి. పుస్తకాల అరలు పెట్టెలలో ఉంటే పిల్లలు మధ్యలో కూర్చుని చదువుకుంటారు. కప్పుకూ పెట్టెకూ మధ్య గాలి ఆడుతుంది కనుక నడినెత్తి ఎండ నేరుగా ఉక్కును తాకదు. లోపలి వెడల్పు 2.35 మీటర్లే కాబట్టి, వేడిని ఆపే పొరను లోపల కాక బయటివైపు వేయించడం మేలు.

మరొక్క మాట, పిల్లలు కూర్చునే చోటు గనుక చెప్పాలి: కంటైనర్ నేల ప్లైవుడ్‌కు చాలావరకు పురుగుమందు పట్టించి ఉంటుంది. దానిని తీసివేయించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నడుమ ఖాళీ వదలాలనే నిర్ణయించాము. అయితే 2014 హుద్‌హుద్ తుపానును చూసినవాళ్లం. అంత పైకప్పు గాలికి నిలుస్తుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఖాళీ పెట్టె బరువు సుమారు రెండు టన్నులకు పైనే అయినా, దానిని నమ్ముకోవద్దు. నాలుగు మూలల కిందా కాంక్రీటు పునాదిలో ఉక్కు పలకలు దించి, మూలలను వాటికి వెల్డింగ్ చేయించండి. పైకప్పును గాలి పైకి లేపుతుంది కనుక దాని స్తంభాలను కూడా పెట్టెల మూలలకే బిగించాలి, రేకు గోడకు కాదు. నేల పరీక్ష చేయించిన తరువాతే పునాది లోతు నిర్ణయించండి.