సువోముస్సాల్మి రాళ్లలో శత్రువుకూ చోటుండాలా?

గోదారిగట్టు:
ఫిన్లాండ్ తూర్పు సరిహద్దులోని సువోముస్సాల్మి అనే చిన్న మునిసిపాలిటీకి మొన్న వేసవిలో వెళ్లాను. రాతె దారి పక్కన 2003లో నెలకొల్పిన శీతాకాల యుద్ధ (1939-40లో సోవియట్ యూనియన్ ఫిన్లాండ్‌పై దండెత్తిన యుద్ధం) స్మారకానికి ‘విశాలమైన కౌగిలి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. యుద్ధం సాగిన ఒక్కొక్క రోజుకు ఒకటి చొప్పున 105 గంటలు, చుట్టూ మైదానమంతా ఉలి తగలని బండరాళ్లు. ఆ రాళ్లు ఇరుపక్షాల మృతులకూ గుర్తులట. దండెత్తి వచ్చినవాడికీ, ఇల్లు కాపాడుకొన్నవాడికీ తేడా లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఉత్తరాన_ఒకతె:
నేను ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో ఆరేళ్లుగా ఉంటున్నాను, అక్కడికి రెండుసార్లు వెళ్లాను. 1940 జనవరి మొదట్లో ఆ దారిపై తుడిచిపెట్టుకుపోయిన సోవియట్ సైన్యపు 44వ డివిజన్ ఉక్రెయిన్ నుంచి వచ్చినది. వారిని పంపినవాడు మాస్కోలో వెచ్చగానే ఉన్నాడు. ఆ రాయి చావును లెక్కపెడుతున్నదే గాని, ఎవరికీ పతకం ఇవ్వడం లేదు.

లెక్కలమాస్టారు:
నవంబరు 30 నుంచి మార్చి 13 వరకు 104 రోజులే కదా?

ఉత్తరాన_ఒకతె:
1940 లీపు సంవత్సరం, మాస్టారూ.

గోదారిగట్టు:
గంటల లెక్క పక్కన పెట్టండి. రష్యా వారి మృతులకు అదే దారిలో వేరే స్మారకం ఉండగా, మళ్లీ ఇక్కడ ఎందుకు? ఫిన్లాండ్‌లో యుద్ధంలో పోయినవారిని స్వగ్రామానికి తెచ్చి, చర్చి ఆవరణలో వరుసగా పూడ్చి, ఒక్కొక్కరి పేరూ చెక్కారు. ఆ పద్ధతికి ఈ పేరులేని రాళ్ల గుంపు ఎక్కడ పొసగుతుంది?

ఉత్తరాన_ఒకతె:
ఆ చర్చి ఆవరణలోకి అందరినీ రానిచ్చారనుకుంటున్నారా? ఫిన్లాండ్‌లోనే జరిగిన 1918 అంతర్యుద్ధంలో చనిపోయిన ఎర్రపక్షం (సోషలిస్టులు) వారిలో ఎందరినో ఊరి బయట గోతుల్లో పూడ్చారు; గెలిచిన తెల్లపక్షానికి వెంటనే శిలలు లేస్తే, వీరికి చాలా చోట్ల రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా రాయి నిలబడలేదు. ఆనాటి తెల్లసేనల అధిపతి మన్నర్‌హైమే 1940లో ఆ 1918 గెలుపు పేరిట జరిగే విజయోత్సవ కవాతు మాన్పించి, ఇరుపక్షాల మృతులనూ స్మరించమన్నాడు. శత్రువెవరో తేల్చే పని రాతికి అప్పగిస్తే ఇలాగే ఉంటుంది.

గోదారిగట్టు:
అన్నదమ్ముల తగవును దండయాత్రతో పోల్చి మీరు శత్రువుకు వకాల్తా పుచ్చుకుంటున్నారు! మా తాతగారు 1944లో బర్మా యుద్ధంలో పోయారు. మా ఊరి స్థూపం మీద, తెల్లవాడి సైన్యంలో చేరాడంటూ ఆయన పేరు వేయనివ్వలేదు. సొంత మనిషికి చోటులేని ఊళ్లుండగా, వచ్చిపడినవాడికి బండరాయా?

ఉత్తరాన_ఒకతె:
నొప్పించాలని కాదు గాని, మీ తాతగారూ పరాయివాడి యుద్ధానికే వెళ్లారు కదా. ఆయనను ఏ పక్షాన పోరాడారన్న దానితోనే కొలిచిన మీ ఊరివారు చేసినదే, ఇప్పుడు మీరు ఆ ఉక్రెయిన్ కుర్రవాళ్లకు చేస్తున్నారు.

పాతపటం:
గోదారిగట్టు గారూ, బర్మాలో టౌక్యాన్‌లోని రంగూన్ స్మారకంపై సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లున్నాయి. తాతగారి రెజిమెంటు చెబితే వెతికిపెడతాను.

గోదారిగట్టు:
అక్కడ ఆయన పేరు ఉన్నదండీ, వెళ్లి వేలితో తడిమి వచ్చాను. ఒకతె గారన్న మాట తగిలింది, కాదనను. కాని పేరులేని రాయి నాకిప్పటికీ రాయే. నేనడిగేది మా ఊరి రావిచెట్టు కింది స్థూపం మీద ఒక్క వరుస.